పారిశ్రామిక ఆవిరి, కండెన్సేట్ వ్యవస్థల్లో ఇంధన పొదుపు

బాయిలర్‌లో నీటిని ఆవిరి చేసి, దాన్ని పైపుల్లో యంత్రాల దాకా పంపి, అక్కడ వేడి ఇచ్చేసి తిరిగి నీరైనదాన్ని మళ్లీ బాయిలర్‌కు తెచ్చుకునే ఏర్పాటే ఆవిరి–కండెన్సేట్ వ్యవస్థ. అలా నీరైన ఆవిరిని కండెన్సేట్ అంటారు. కాగితం, చక్కెర, మందులు, బట్టల అద్దకం, పాడి, ఎరువులు, ఉప్పుడు బియ్యం వంటి పరిశ్రమలు ఎక్కువగా దీనిమీదే నడుస్తాయి. ఆవిరి విషం కాదు, మంట అంటుకోదు. పీడనం మారనంతవరకు ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలకడగా వేడినిస్తుంది, పంపు అక్కర్లేకుండా తన ఒత్తిడితోనే ఫ్యాక్టరీ అంతా తిరుగుతుంది.

ఈ చక్రంలో ఆవిరి వెళ్లే దారిమీద ఉన్న శ్రద్ధ, నీరై తిరిగొచ్చే దారిమీద ఉండదు. కొత్త బాయిలర్ కొనేటప్పుడు సామర్థ్యంలో ఒక్క శాతం తేడాకు కూడా బేరమాడే యాజమాన్యాలే, షెడ్డు వెనక కాలువలో పొగలు కక్కుతూ పోయే నీటిని చూసీ చూడనట్టు వదిలేస్తాయి. చాలా ప్లాంట్లలో తక్కువ ఖర్చుతో ఎక్కువ పొదుపు దొరికేది ఆ కాలువ దగ్గరే.

ఆవిరిలో వేడి లెక్క

మామూలు వాతావరణ పీడనం వద్ద కిలో నీటిని 0 నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కు తేవడానికి 100 కిలోకేలరీలు చాలు. అదే నీటిని 100 డిగ్రీల దగ్గరే ఉంచి పూర్తిగా ఆవిరి చేయడానికి మరో 540 కిలోకేలరీలు కావాలి. థర్మామీటరుకు కనిపించని ఈ రెండో వేడే గుప్తోష్ణం. దీన్ని 1760ల మొదట్లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బ్లాక్ గుర్తించాడు. అదే విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్, అప్పటి న్యూకోమెన్ ఆవిరి ఇంజను నమూనాను మరమ్మతు చేస్తూ, ప్రతి స్ట్రోకుకూ సిలిండర్‌ను చల్లార్చి మళ్లీ వేడిచేయడంలోనే ఆవిరి అంతా హరించుకుపోతోందని గ్రహించాడు. ఆవిరిని సిలిండర్ బయటే చల్లార్చే విడి కండెన్సర్ ఆలోచన 1765లో అతనికి తట్టింది, దానికి 1769లో పేటెంటు దక్కింది. ఆవిరి పొదుపు చరిత్ర అక్కడ మొదలైందని చెప్పుకోవచ్చు.

పీడనం పెరిగేకొద్దీ ఆవిరి ఉష్ణోగ్రత పెరుగుతుంది, గుప్తోష్ణం తగ్గుతుంది. 3 బార్ గేజి పీడనం వద్ద ఆవిరి 144 డిగ్రీల్లో ఉంటుంది, కిలోకు సుమారు 510 కిలోకేలరీల గుప్తోష్ణం ఇస్తుంది. 10 బార్ వద్ద ఉష్ణోగ్రత 184 డిగ్రీలు, గుప్తోష్ణం 478 మాత్రమే. జాకెట్లు, కాయిళ్లు, హీట్ ఎక్స్‌చేంజర్లు వాడుకునేది ప్రధానంగా గుప్తోష్ణాన్నే. కాబట్టి పనికి సరిపడే ఉష్ణోగ్రతనిచ్చే కనిష్ఠ పీడనంలో ఆవిరిని వాడుకోవడం లాభం. అలాగని బాయిలర్‌నే తక్కువ పీడనంలో నడిపితే ఆవిరి పరిమాణం ఉబ్బుతుంది, పెద్ద పైపులు కావాలి, బాయిలర్ నుంచి నీటి తుంపర్లు కూడా ఆవిరితో కొట్టుకొస్తాయి. ఎక్కువ పీడనంలో తయారుచేసి, యంత్రం దగ్గరికి తెచ్చాక పీడనం తగ్గించడం మంచి పద్ధతి. ఆవిరి వాడకం పెద్దదైతే ఆ తగ్గింపును వాల్వ్‌కు బదులు బ్యాక్ ప్రెషర్ టర్బైన్‌తో చేయించి, దారిలోనే కరెంటు కూడా తీసుకుంటారు.

బాయిలర్ గది

ఇక్కడి సూత్రాలు బాయిలర్ ఆపరేటర్లకు కంఠస్థమే. చిమ్నీలోకి పోయే వాయువుల ఉష్ణోగ్రత 22 డిగ్రీలు తగ్గితే బాయిలర్ సామర్థ్యం దాదాపు 1 శాతం పెరుగుతుంది. బాయిలర్‌లోకి పోసే నీటి (ఫీడ్ వాటర్) ఉష్ణోగ్రత 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం దాదాపు 1 శాతం మిగులుతుంది. గాలి అవసరానికి మించితే వేడి చిమ్నీపాలు, చాలకపోతే ఇంధనం సరిగా కాలక నల్లపొగ. నీటిలోని లవణాలు ట్యూబులకు పొలుసుగా పట్టకుండా మెత్తబరచిన నీరు పోయాలి. బాయిలర్‌లో చిక్కబడే లవణాలను బ్లోడౌన్‌తో, అంటే కొంత నీటిని బయటికి వదిలి, వదిలించాలి. అయితే ఆ వదలడం నీటి పరీక్షను బట్టి జరగాలి. షిఫ్టుకు ఇన్నిసార్లు అని అలవాటుగా తెరిస్తే బాయిలర్ ఉష్ణోగ్రతలో ఉన్న నీరు గుంటలోకి పోతుంది.

పైపులైన్లు

ఆవిరి పైపు ఎంత బాగా కప్పినా దారిలో కొంత ఆవిరి నీరవుతుంది. ఆ నీటిని ఎప్పటికప్పుడు తీయకపోతే, సెకనుకు 25–30 మీటర్ల వేగంతో పోయే ఆవిరి దాన్ని ముద్దలా తోసుకెళ్లి వంపు దగ్గర వాల్వ్‌కో ఎల్బోకో మోదుతుంది. వాటర్ హ్యామర్ అనే ఈ దెబ్బకు వాల్వులు పగిలి మనుషులు చనిపోయిన ప్రమాదాలున్నాయి. అందుకే పైపును ఆవిరి పోయే దిశకు వాలుగా వేస్తారు, 30 నుంచి 50 మీటర్లకొకటి చొప్పున నీరు దిగే పాకెట్టు పెట్టి దాని కింద ఆవిరిని ఆపి నీటిని వదిలే ట్రాప్ బిగిస్తారు. యంత్రాలకు తీసే బ్రాంచి పైపును ప్రధాన లైను పైభాగం నుంచి తీస్తారు. అడుగు నుంచి తీస్తే ఆవిరికంటే ముందు నీరే యంత్రానికి చేరుతుంది.

పైపు చుట్టూ వేడిని ఆపే కప్పు (లాగింగ్) లేకపోతే ఎంత పోతుందో తేలిగ్గానే అంచనా వేయవచ్చు. 7 బార్ ఆవిరి నడిచే 4 అంగుళాల పైపు బోడిగా ఉంటే, గాలి కదలిక లేని షెడ్డులో మీటరుకు ఇంచుమించు 800 వాట్ల వేడి బయటికి పోతుంది. పది మీటర్ల బోడి పైపు గంటకు 14 కిలోల ఆవిరిని నీరు చేస్తుందన్నమాట. మామూలు రాక్‌వూల్ లాగింగ్ ఇందులో పదింట తొమ్మిది వంతులు ఆపుతుంది. పైపులకు లాగింగ్ చేసి వాల్వులను, ఫ్లాంజీలను వదిలేయడం ఎక్కడ చూసినా కనిపించేదే. మరమ్మతుకు విప్పిన లాగింగ్‌ను తిరిగి తొడగరు. వానకు తడిసిన లాగింగ్ ఉన్నా లేనట్టే లెక్క.

స్టీమ్ ట్రాప్

ట్రాప్ చేయవలసిన పని చెప్పుకుంటే చిన్నదే. నీటిని, గాలిని పోనివ్వాలి, ఆవిరిని ఆపాలి. ఆవిరి వ్యవస్థ మొత్తంలో అతి చవకైన పరికరాల్లో ఇదొకటి. డబ్బు అతిగా పోయేదీ దీని ద్వారానే.

ఇవి నాలుగైదు రకాలు. బాల్ ఫ్లోట్ ట్రాప్‌లో నీటి మట్టంతోపాటు గోళం లేచి వాల్వ్ తెరుస్తుంది. నీరు చేరిన వెంటనే తోసేస్తుంది కాబట్టి హీట్ ఎక్స్‌చేంజర్లకు, డ్రయ్యర్లకు ఇదే సరైనది. బోర్లించిన బకెట్ రకం మొరటుది, వాటర్ హ్యామర్‌ను తట్టుకుంటుంది. లోపల నిలవాల్సిన నీరు ఎండిపోతే మాత్రం ఆవిరిని ఆపలేదు. థర్మోడైనమిక్ ట్రాప్‌లో కదిలే భాగం ఒక్క బిళ్లే. ప్రధాన లైన్ల డ్రెయిన్లకు వాడతారు. థర్మోస్టాటిక్ రకం నీరు కొంత చల్లారేదాకా ఆగి అప్పుడు వదులుతుంది. కాబట్టి నీరు నిలిచినా ఫరవాలేని, వేరే పైపులను వెచ్చగా ఉంచే ట్రేసర్ లైన్లకు, గాలి తీయడానికి బాగుంటుంది. స్టోరులో ఏది దొరికితే అది బిగించడం చాలాచోట్ల జరిగేదే. హీట్ ఎక్స్‌చేంజరుకు బిళ్ల ట్రాప్ పెట్టి, వేడెక్కడం లేదని బాయిలర్ పీడనం పెంచమనే సూపర్‌వైజర్లు ఉంటారు.

ట్రాప్ రెండు విధాలుగా పాడవుతుంది. మూసుకుపోతే యంత్రం చల్లబడుతుంది, ప్రొడక్షన్ వాళ్లు గంటలోపే మెయింటెనెన్స్ మీద పడతారు. తెరుచుకుపోతే ఆవిరి నేరుగా కండెన్సేట్ లైన్లోకి దూసుకుపోతుంది. యంత్రం మాత్రం బాగానే వేడిగా ఉంటుంది, ఎవరూ నోరెత్తరు. మూసుకుపోయిన ట్రాప్‌కు అప్పటికప్పుడు చేసే వైద్యం బైపాస్ వాల్వ్ తెరవడం. ట్రాప్ మార్చాక కూడా ఆ బైపాస్ నెలల తరబడి తెరిచే ఉంటుంది. 7 బార్ ఆవిరి 3 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి బయటికి పోతే గంటకు దాదాపు 30 కిలోలు. ఏడాదిలో 300 రోజులు, రోజంతా నడిచే ప్లాంటులో ఇది 216 టన్నుల ఆవిరి, అంటే పదిహేను టన్నులకు పైగా ఫర్నేస్ ఆయిల్. మూడు నుంచి ఐదేళ్లు పట్టించుకోని వ్యవస్థల్లో 15 నుంచి 30 శాతం ట్రాప్‌లు పాడై ఉండవచ్చని అమెరికా ఇంధన శాఖ అంచనా. క్రమం తప్పక పరీక్షించే చోట లీకయ్యేవి 5 శాతంలోపే ఉండాలని అదే శాఖ చెబుతుంది.

పరీక్షకు ఖరీదైన పరికరం లేకపోయినా పని నడుస్తుంది. ట్రాప్ తర్వాత ఒక పరీక్ష వాల్వ్ ఉంటే దాన్ని తెరిచి పైపు మూతి దగ్గర చూడాలి. బాగున్న ట్రాప్ నుంచి నీరు చిమ్ముతూ, దానితోపాటు తెల్లటి ఆవిరి మెల్లగా తేలుతూ వస్తుంది. అది వేడి నీటిలోంచి పుట్టిన ఫ్లాష్ స్టీమ్, దానికి ట్రాప్‌ను తప్పుపట్టకూడదు. పాడైన ట్రాప్ నుంచి ఆవిరి బుసకొడుతూ వస్తుంది. పైపు మూతి నుంచి రెండు మూడు అంగుళాల మేర ఏమీ కనిపించదు, ఆ తర్వాతే తెల్లబడుతుంది. ఆ కనిపించని భాగమే అసలు ఆవిరి. బిళ్ల ట్రాపుల మీద పొడవాటి స్క్రూడ్రైవర్ ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే టక్‌మని బిళ్ల పడే చప్పుడు, ఆగి మళ్లీ చప్పుడు వినిపించాలి. ఆగకుండా టకటకలాడితే బిళ్ల అరిగిపోయినట్టు. అల్ట్రాసోనిక్ పరికరం ఇదే పనిని ఇంకా కచ్చితంగా చేస్తుంది. ఉష్ణోగ్రత గన్ ఒక్కదాన్నే నమ్మకూడదు. అది మూసుకుపోయి చల్లబడ్డ ట్రాప్‌ను పట్టిస్తుంది గానీ, తెరుచుకుపోయినదాన్ని, బాగున్నదాన్ని వేరుచేయలేదు.

ట్రాప్ వదలవలసిన గాలి సంగతి తరచు మరిచిపోతారు. ప్లాంటు ఆపినప్పుడు పైపుల్లోకి గాలి చేరుతుంది. గాలి పొర వేడిని ఎంతగా అడ్డుకుంటుందంటే, చాలా పలుచని పొర కూడా మందపాటి రాగి గోడతో సమానమని ఇంధన ఆడిటర్ల పాఠ్యగ్రంథాలు చెబుతాయి. పొద్దున స్టార్టప్‌కు అరగంట ఎక్కువ పడుతోందంటే ముందు ఎయిర్ వెంట్లు చూడాలి.

కండెన్సేట్ తిరిగి రావడం

7 బార్ ఆవిరిలో కిలోకు మొత్తం 661 కిలోకేలరీల వేడి ఉంటుంది. యంత్రానికి ఇచ్చేది 489. మిగతా 172, అంటే నాలుగో వంతుకు పైగా, కండెన్సేట్‌లోనే ఉండిపోతుంది. కాలువలోకి పోయేది ఈ వేడితోపాటు మెత్తబరచడానికో, ఆర్‌ఓలో శుద్ధి చేయడానికో డబ్బు పెట్టిన నీరు కూడా.

గంటకు 5 టన్నుల ఆవిరినిచ్చే ఊక బాయిలర్‌ను తీసుకుందాం. ఇంతకుముందు మొత్తం 30 డిగ్రీల పచ్చి నీరే పోసేవారు. ఇప్పుడు అందులో 60 శాతం కండెన్సేట్ 90 డిగ్రీల్లో తిరిగి వచ్చిందనుకుంటే, ఫీడ్ ట్యాంకు 66 డిగ్రీలకు చేరుతుంది. 36 డిగ్రీల పెరుగుదల, అంటే దాదాపు 6 శాతం ఇంధనం. ఊక కిలోకు 3,200 కిలోకేలరీలు, బాయిలర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే గంటకు 80 కిలోల ఊక మిగులుతుంది. ఏడాదికి 7,200 గంటల లెక్కన 570 టన్నులకు పైగా ఊక, 21,600 కిలోలీటర్ల నీరు. పచ్చి నీరు తగ్గితే లవణాలు తగ్గి బ్లోడౌన్ కూడా తగ్గుతుంది. వేడి నీటిలో కరిగిన ఆక్సిజన్ తక్కువ, కాబట్టి ట్యూబుల తుప్పు కూడా నెమ్మదిస్తుంది.

ఇంత లాభమున్నా ఎందుకు వదిలేస్తారంటే కొన్ని నిజమైన ఇబ్బందులున్నాయి. వేడి కండెన్సేట్‌ను మామూలు సెంట్రిఫ్యూగల్ పంపుతో లాగితే చూషణ వైపు పీడనం పడిపోయి నీరు పంపులోనే ఆవిరవుతుంది, ఇంపెల్లరు గుంటలు పడి అరిగిపోతుంది. ట్యాంకును పంపుకంటే తగినంత ఎత్తులో పెట్టాలి, లేదా ఆవిరి ఒత్తిడితోనే నీటిని తోసే పంపు వాడాలి. రెండోది స్టాల్ అనే చిక్కు. యంత్రం కావలసిన వేడికి చేరాక కంట్రోల్ వాల్వ్ ఆవిరిని తగ్గిస్తుంది. లోపలి పీడనం కండెన్సేట్ లైను ఎదురు ఒత్తిడికంటే పడిపోతుంది. ట్రాప్ బాగున్నా నీరు కదలదు. కాయిలు సగం నీటితో నిండిపోయి వేడి హెచ్చుతగ్గులవుతుంది, చివరికి ఎవరో వచ్చి డ్రెయిన్ వాల్వ్ తెరుస్తారు. ఇక్కడ పంపింగ్ ట్రాప్ పెట్టాలి. మూడోది తుప్పు. నీటిలోని బైకార్బొనేట్లు బాయిలర్‌లో విడిపోయి కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది కండెన్సేట్‌లో కరిగి ఆమ్లంగా మారి తిరుగు పైపులను తినేస్తుంది. ఫీడ్ వాటర్ శుద్ధితో, ఎమీన్ మందులతో దీన్ని అదుపులో పెడతారు.

నాలుగోది కల్తీ భయం. హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల్లోనూ, విశాఖపట్నం దగ్గర పరవాడలోనూ ఉన్నలాంటి బల్క్ డ్రగ్ పరిశ్రమలో ఇది కేవలం భయం కాదు. అక్కడ రియాక్టర్ జాకెట్‌లోకి ఒక బ్యాచిలోనే ఒకసారి ఆవిరి, తర్వాత కూలింగ్ నీరు, ఆపై ఉప్పుద్రావణం వదిలే ఏర్పాట్లు ఎక్కువ. జాకెట్‌లో మిగిలిన ఉప్పు కండెన్సేట్‌తో బాయిలర్‌కు చేరితే ట్యూబులు పోతాయి. అందుకని మొత్తం కాలువకు వదలడం సులువైన దారి. తిరుగు లైన్లో కండక్టివిటీ మీటరు పెట్టి, చెడ్డ నీరు వచ్చినప్పుడు మాత్రమే పక్కకు మళ్లించడం సరైన దారి. జాకెట్‌కు ఆవిరి బదులు వేడినీటి సర్క్యూట్ పెట్టి, ఆవిరిని దూరంగా ఒక్క హీట్ ఎక్స్‌చేంజరుకే పరిమితం చేయడం ఇంకా నయం.

ఫ్లాష్ స్టీమ్

7 బార్ పీడనంలో 170 డిగ్రీల వద్ద ఉన్న కండెన్సేట్ బయటి గాలిలోకి రాగానే 100 డిగ్రీలకు దిగాలి. మిగిలిన వేడి అందులో కొంత నీటిని మళ్లీ ఆవిరి చేస్తుంది. 100 కిలోల కండెన్సేట్‌లో 13 కిలోలకు పైగా ఇలా లేచిపోతాయి. బరువుకు చిన్నదే అయినా కండెన్సేట్ వేడిలో సగం ఆ 13 కిలోలతోనే పోతుంది. ఫీడ్ ట్యాంకు వెంటు మీద ఎప్పుడూ తెల్లటి మబ్బు నిలిచి ఉంటే అది పోతున్న ఫ్లాష్, లేదా తెరుచుకుపోయిన ట్రాపుల ఆవిరి, తరచు రెండూ. ఎక్కువ పీడనపు కండెన్సేట్‌ను ఒక ఫ్లాష్ పాత్రలోకి మళ్లించి, విడిపోయిన ఆవిరిని తక్కువ పీడనంలో నడిచే యంత్రానికి ఇవ్వవచ్చు. ఇచ్చే యంత్రం, పుచ్చుకునే యంత్రం ఒకే వేళకు నడవకపోతే ఈ ఏర్పాటు వృథా. ఈ చిన్న విషయం చూసుకోక మూలపడిన ఫ్లాష్ పాత్రలు తక్కువేం కాదు.

పరిశ్రమను బట్టి

రాజమహేంద్రవరం, సారపాక, కాగజ్‌నగర్‌లలో ఉన్నలాంటి కాగితం మిల్లుల్లో ఆవిరి ముఖ్యంగా డ్రయ్యర్ సిలిండర్లకు పోతుంది. సిలిండర్ నెమ్మదిగా తిరిగేటప్పుడు లోపలి కండెన్సేట్ అడుగున మడుగుగా ఉంటుంది. వేగం పెరిగితే గోడవెంట పైకెక్కి కిందికి జారుతుంది. ఇంకా పెరిగితే లోపలి గోడకంతా ఉంగరంలా అతుక్కుంటుంది. ఈ నీటి ఉంగరం వేడిని అడ్డుకుంటుంది. దాన్ని సైఫన్ గొట్టంతో లాగడానికి సిలిండర్ లోపలికీ బయటికీ కొంత పీడన తేడా ఉంచి, కాస్త ఆవిరిని కూడా నీటితోపాటు పోనివ్వాలి. బ్లోత్రూ అనే ఈ ఆవిరిని తక్కువ పీడనపు డ్రయ్యర్ల వరసకు పంపుతారు, లేదా థర్మోకంప్రెసర్‌లో ఎక్కువ పీడనపు ఆవిరితో కలిపి మళ్లీ అక్కడికే తిప్పుతారు. తేడాను అవసరానికి మించి పెట్టేస్తే మిగులు ఆవిరి కండెన్సర్‌పాలవుతుంది.

చక్కెర పరిశ్రమది వేరే కథ. అమెరికాలోని లూసియానాలో నార్బర్ట్ రిల్యూ 1843లో పేటెంటు పొందిన బహుళ దశల ఎవాపరేటర్‌లో మొదటి పాత్రలో రసం నుంచి లేచిన ఆవిరే రెండో పాత్రను వేడిచేస్తుంది, దాని ఆవిరి మూడోదాన్ని. ఒక కిలో ఆవిరి పెట్టి నాలుగు పాత్రల్లో నాలుగు కిలోలకు దగ్గరగా నీటిని తీయవచ్చు. ఇంత పొదుపు యంత్రం ఉన్నా, పాత చక్కెర మిల్లులకు ఆవిరి తగ్గించాలన్న తపన ఉండేది కాదు. ఇంధనం తమ పిప్పే, మిగిలితే దాన్ని వదిలించుకోవడమే తలనొప్పి. అదే ఆవిరితో కరెంటు కూడా తీసే కోజనరేషన్ వచ్చి మిగులు కరెంటును గ్రిడ్‌కు అమ్మే వీలు కలిగాకే ఆవిరికి ధర పలికింది. చెరకు బరువులో 70 శాతం దాకా నీరే కాబట్టి, కండెన్సేట్లను జాగ్రత్తగా పట్టుకునే మిల్లుకు క్రషింగ్ కాలంలో బయటి నీరు పెద్దగా అక్కర్లేదు. రసం కలిసిందేమోనని ఆల్ఫా నాఫ్తాల్, గంధకికామ్లంతో పరీక్షించి, ఊదారంగు తేలితే ఆ నీటిని బాయిలర్‌కు పంపరు.

ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్లకు ఆవిరి నేరుగా పట్టిస్తారు, అక్కడ తిరిగొచ్చే కండెన్సేట్ ఉండదు. డ్రయ్యరుకు వేడిగాలినిచ్చే రేడియేటర్ కాయిళ్ల నుంచి మాత్రం శుభ్రమైన కండెన్సేట్ వస్తుంది. దాన్ని నానబోత తొట్లకు మళ్లించినా లాభమే, బాయిలర్‌కు పంపితే మరీ లాభం.

కొలత, చట్టం

ఆవిరి మీటరు ఖరీదైనది, చిన్న ప్లాంట్లలో ఉండదు. కొత్తగా చేర్చే నీటి (మేకప్) పైపుకు బిగించే మీటరు చవక. రోజుకు ఎంత ఫీడ్ వాటర్ బాయిలర్‌లోకి పోయింది, అందులో కొత్త నీరెంత అన్న రెండు అంకెలుంటే, ఎంత కండెన్సేట్ తిరిగి రావడం లేదో తెలిసిపోతుంది. నేరుగా వాడే ఆవిరిని, బ్లోడౌన్‌ను తీసేయగా మిగిలేది కాలువ వాటా. ప్రతి ట్రాప్‌కూ నంబరు బిళ్ల తగిలించి, రకం, చోటు, పరీక్షించిన తేదీ ఒక రిజిస్టరులో రాస్తే మిగతా పని సగం అయినట్టే.

భారతదేశంలో 1923 బాయిలర్ల చట్టం ప్రధానంగా పేలుళ్లు, ప్రమాదాలు అరికట్టడానికి వచ్చింది. ఇంధన సంరక్షణ చట్టం 2001లో వచ్చింది. దాని కింద ఇంధన సామర్థ్య బ్యూరో 2002 మార్చి 1న ఏర్పడింది. బ్యూరో నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ల పరీక్షకు ఆవిరి వ్యవస్థ ఒక ముఖ్య పాఠం. పెద్ద పరిశ్రమలకు ఇంధన వాడకంలో తగ్గింపు లక్ష్యాలు విధించే ‘పాట్’ పథకం 2012లో మొదలైంది. 2015 వరకు సాగిన తొలి విడతలో అల్యూమినియం, సిమెంటు, క్లోర్ ఆల్కలీ, ఎరువులు, ఇనుము–ఉక్కు, కాగితం, జౌళి, థర్మల్ విద్యుత్తు అనే ఎనిమిది రంగాల్లోని 478 సంస్థలను చేర్చారు. మందుల పరిశ్రమ, బియ్యం మిల్లులు ఆ ఎనిమిదింటిలో లేవు. చిన్న, మధ్యతరహా బాయిలర్లు ఎక్కువగా ఉన్నది ఇలాంటి యూనిట్లలోనే. అక్కడ ట్రాపుల లెక్క, కండెన్సేట్ లెక్క అడగవలసినవాడు యజమానే.